తప్పులున్న సినిమాని తప్పకుండా చూడండి

ఈమధ్య ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో చిన్న తగాదా జరిగింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు ఒక ఇంగ్లీషు సినిమా చూస్తోంది. మేడంత ఎత్తున్న ఇనుప మరమనుషులు బారులు తీరి నగరం నడివీధిలో నడిచి వస్తుంటే కళ్లప్పగించి చూస్తోంది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు తయారవుతున్న వాళ్లన్నయ్య పక్కనే కూర్చుని, "ఇది జరగదు", "అది తప్పు", "ఫిజిక్సు రానివాడెవడో తీశాడు" అంటూ నిమిషానికో తప్పు పట్టాడు. పావుగంట గడిచేసరికి ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని టీవీ కట్టేసింది. "అంతా తప్పుల తడక అని తెలిశాక ఇంకేం చూస్తాం బాబాయ్?" అంది నాతో.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, ఆ అమ్మాయికే కాదు, మీకందరికీ. వాళ్లన్నయ్య పట్టిన తప్పులు చాలావరకు నిజంగా తప్పులే. అయినా టీవీ కట్టేయడం పొరపాటు. ఆ తప్పులు తెలిసినవాళ్లకే ఆ సినిమాలో రెట్టింపు ఆనందం ఉంది. ఇది నా అభిప్రాయం. మీరు ఒప్పుకుని తీరాలని లేదు. నా వాదన చివరిదాకా విని మీరే తేల్చుకోండి.

నిన్నటివాళ్లు కలగన్న రేపు

ఆ సినిమా పేరు 'స్కై కెప్టెన్ అండ్ ది వరల్డ్ ఆఫ్ టుమారో'. 2004 లో వచ్చింది. దర్శకుడు కెరీ కాన్రన్. కథ 1939 నాటి న్యూయార్కు నగరంలో మొదలవుతుంది. పేరున్న శాస్త్రవేత్తలు ఒకరి తర్వాత ఒకరు మాయమవుతుంటారు. ఆకాశం నుంచి భారీ మరమనుషులు దిగి యంత్రాలను ఎత్తుకుపోతుంటాయి. పాలీ పెర్కిన్స్ అనే పత్రికా విలేఖరి, జో సలివాన్ అనే విమాన చోదకుడు ఈ రహస్యం ఛేదించడానికి బయల్దేరి, హిమాలయాల మీదుగా సముద్రం మధ్యలోని ఒక వింత దీవిదాకా వెళ్తారు. చివర ఏమవుతుందో నేను చెప్పను.

ఇందులో ఒక చమత్కారం గమనించండి. 2004 లో సినిమా తీసినవాళ్లు మన భవిష్యత్తును చూపించలేదు. 1939 లోని జనం "రేపటి లోకం ఇలా ఉంటుంది" అని ఊహించుకున్న భవిష్యత్తును చూపించారు. అంటే ఇది నిన్నటివాళ్లు కలగన్న రేపు. సినిమా పేరులోని చివరి మాటలు కూడా ఆ కాలానివే. 1939 ఏప్రిల్ 30 న న్యూయార్కులో ఒక ప్రపంచ ప్రదర్శన మొదలైంది. దాని నినాదమే 'రేపటి లోకం'. ఏడడుగుల ఎత్తున్న 'ఎలెక్ట్రో' అనే మరమనిషి అక్కడ నడిచి, మాట్లాడి జనాన్ని ముగ్ధుల్ని చేసింది. దాని మాటలన్నీ గ్రామఫోను రికార్డుల నుంచి వచ్చినవే! 1960 నాటికి నగరాలు, రహదారులు ఎలా ఉంటాయో చూపే బొమ్మల నగరాన్ని కూడా అక్కడ కట్టారు. ఆ ప్రదర్శన జరుగుతుండగానే, సెప్టెంబరు 1 న, రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. కలలు ఒక దారిన పోతే లోకం ఇంకో దారిన పోయింది.

ముందు సినిమా లోపాల సంగతి చెప్పేస్తాను. నటీనటులు చాలావరకు నీలిరంగు తెరల ముందు నిలబడి నటించారు. ఎదురుగా మరమనిషి లేదు, మేడలు లేవు, మంచు లేదు. అవన్నీ తర్వాత కంప్యూటరు మీద చేర్చినవే. అందుకే కొన్నిచోట్ల మనుషులు బొమ్మమీద అంటించినట్లు కనిపిస్తారు. సంభాషణలు పేలవం. నాయికా నాయకులు ప్రపంచం మునిగిపోతున్నా పాత గొడవలు తవ్వుకుంటూ ఉంటారు. సినిమా ఆర్థికంగా కూడా దెబ్బతిన్నది. కానీ ఆ దర్శకుడు తన ఇంట్లో, తన కంప్యూటరు మీద నాలుగేళ్లు కష్టపడి మొదటి ఆరు నిమిషాల నమూనా తయారుచేసుకున్నాడని తెలిస్తే, ఈ లోపాలు కొంత క్షమించబుద్ధి అవుతుంది.

ఇక విజ్ఞానశాస్త్రం తప్పుల దగ్గరకు వద్దాం.

మేడకు కట్టేసిన వాయునౌక

సినిమా మొదట్లోనే, మంచు కురుస్తుండగా, 'హిండెన్‌బర్గ్ 3' అనే భారీ వాయునౌక వచ్చి ఎంపైర్ స్టేట్ భవనం శిఖరానికి ఆగుతుంది. ప్రయాణికులు అక్కడే దిగుతారు. "ఇదంతా కట్టుకథ" అంటారా? కాస్త ఆగండి. 1931 లో ఆ భవనం కట్టినప్పుడు పైన ఉన్న స్తంభాన్ని నిజంగానే వాయునౌకలు కట్టడానికి అని ఉద్దేశించారు! ఆ సెప్టెంబరులో ఒక చిన్న వాయునౌక అక్కడ దాదాపు మూడు నిమిషాలు ఆగింది కూడా. అంతటితో సరి. నేలకు 381 మీటర్ల ఎత్తున గాలి బలంగా వీస్తుంది. ముక్కు ఒక్కటే కట్టేసిన వాయునౌక గాలి ఎటు తిరిగితే అటు ఊగుతుంది. దాన్ని కిందికి లాగి పట్టుకునే తాళ్లు కట్టడానికి అంత ఎత్తున నేల ఏదీ? ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

అసలు హిండెన్‌బర్గ్ పొడవు 245 మీటర్లు. 1937 మే 6 న న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో దిగబోతుండగా మంటలంటుకుని అర నిమిషంలో బూడిదైంది. 36 మంది చనిపోయారు. అందులో నింపింది ఉదజని, అంటే హైడ్రోజన్. అది మండే వాయువు. మండని హీలియం ఎందుకు నింపలేదు? ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.29 కిలోలు. అంతే ఉదజని బరువు 0.09 కిలో. హీలియం 0.18 కిలో. హీలియం ఉదజనికి రెట్టింపు బరువు కాబట్టి ఎత్తే శక్తి సగమైపోతుందని తొందరపడి అనేస్తాం. కానీ గాలి బరువులోంచి తీసివేసి చూడండి. ఉదజని ఎత్తేది 1.20 కిలోలు, హీలియం ఎత్తేది 1.11 కిలోలు. తేడా పదోవంతు కూడా లేదు! హిండెన్‌బర్గ్‌ను మొదట హీలియం కోసమే రూపొందించారు. కానీ హీలియం అప్పట్లో దాదాపు పూర్తిగా అమెరికా చేతిలో ఉండేది. దాన్ని విదేశాలకు పంపడానికి ఆ దేశ చట్టం అడ్డువచ్చింది. 36 ప్రాణాలు పోవడం వెనుక రసాయనశాస్త్రం ఒక్కటే లేదు, దేశాల మధ్య అపనమ్మకం కూడా ఉంది.

చూశారా? సినిమాలో ఒక్క దృశ్యం మనల్ని ఎక్కడికి తీసుకువెళ్లిందో!

ఆకాశంలో విమానాల రేవు

సినిమాలో ఇంకో అద్భుతం ఉంది. విమానాలు దిగి ఎగిరే పెద్ద వేదిక ఒకటి మబ్బుల్లో తేలుతుంటుంది. పెద్ద పెద్ద పంకాలు దాన్ని గాలిలో నిలబెడతాయి. ఇది సాధ్యమా? సముద్రం మీద విమానవాహక నౌక తేలుతుందంటే, అది పక్కకు తోసిన నీటి బరువు దాని బరువుకు సమానం కాబట్టి. ఆర్కిమెడిస్ సూత్రం మీకు తెలిసిందే. ఒక టన్ను బరువు తేలడానికి ఒక ఘనపు మీటరు నీరు చాలు. గాలి నీటికన్నా దాదాపు 800 రెట్లు పలచన. అదే టన్ను గాలిలో తేలాలంటే 800 ఘనపు మీటర్ల గాలిని తొలగించాలి. పోనీ పంకాలతో నిలబెడదామంటే, అంత బరువును మోయడానికి ఇంజన్లు క్షణం ఆగకుండా గాలిని కిందికి తోస్తూనే ఉండాలి. ఆ ఇంధనం ఎవరు మోస్తారు? దాన్నీ ఆ వేదికే మోయాలి!

అయితే ఆకాశంలో విమానాల రేవు అనే ఆలోచన పూర్తిగా కల్పన కాదు. అమెరికా నావికాదళం దగ్గర 'ఏక్రన్', 'మేకన్' అనే రెండు వాయునౌకలు ఉండేవి. ఒక్కొక్కటి 239 మీటర్ల పొడవు. వాటి కడుపులో చిన్న యుద్ధవిమానాలు ఉండేవి. వాటిని ఎగురుతుండగానే కిందికి వదిలి, తిరిగి వచ్చినప్పుడు కొక్కేనికి తగిలించుకుని లోపలికి లాక్కునేవారు. 1933 ఏప్రిల్ 4 న ఏక్రన్ తుఫానులో సముద్రంలో కూలింది. 76 మందిలో 73 మంది చనిపోయారు. అందులో ప్రాణరక్షక జాకెట్లు లేవు. 1935 లో మేకన్ కూడా కూలింది. కానీ దానిలో జాకెట్లు ఉన్నాయి. నీళ్లు కూడా అంత చల్లగా లేవు. చనిపోయింది ఇద్దరే. ఒక తప్పును గుర్తించి దిద్దుకుంటే ఎంతమంది బతుకుతారో ఈ రెండు అంకెలు చెబుతాయి.

మరమనిషి కాలికింద రోడ్డు

ఇక మా అబ్బాయి అన్నింటికన్నా గట్టిగా ఎగతాళి చేసిన మరమనుషుల సంగతి. ఈ లెక్కను 1638 లోనే గెలీలియో తన పుస్తకంలో వివరించాడు. 60 కిలోల మనిషి ఉన్నాడనుకుందాం. అదే ఆకారంలో 20 రెట్లు ఎత్తు పెరిగాడు. అతని అరికాలి వైశాల్యం 20 x 20, అంటే 400 రెట్లు పెరుగుతుంది. కానీ ఘనపరిమాణం, దానితోపాటు బరువు 20 x 20 x 20, అంటే 8,000 రెట్లు పెరుగుతుంది. ఇప్పుడతని బరువు 480 టన్నులు! అరికాలి కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 20 రెట్లు భారం. అతను నడుస్తుంటే ఒంటికాలి మీద నిలబడే క్షణాలు కూడా ఉంటాయని మరవకండి. మరమనిషిని మాంసంతో కాక ఇనుముతో చేస్తే భారం ఇంకెంతో మీరే చెప్పండి. సినిమాలో రోడ్డు కాస్త పగుళ్లిచ్చి ఊరుకుంది. అసలైతే కాలు దిగబడిపోయేది.

ఏనుగు కాళ్లు జింక కాళ్లలా సన్నగా ఎందుకుండవో, చీమ తనకన్నా ఎంతో బరువైన గింజను ఎలా మోస్తుందో ఈ లెక్కతోనే అర్థమవుతుంది. ఒక తప్పు మరమనిషి మనకు జంతుశాస్త్రం నేర్పింది.

నీళ్లలో దూకిన విమానం

ఒకచోట జో తన విమానాన్ని నేరుగా సముద్రంలోకి దూకిస్తాడు. అది జలాంతర్గామిలా ఈదుకుపోతుంది! పెట్రోలు మండడానికి ప్రాణవాయువు కావాలి. నీటి అడుగున ఇంజన్ ఏం పీల్చుకుంటుంది? గాలిని కోయడానికి చేసిన పంకా 800 రెట్లు చిక్కనైన నీటిని తోయగలదా? ఇలా అడుగుతూ పోతే ఆ విమానం మునిగిపోతుంది.

కానీ మీకో సంగతి చెప్పాలి. 1934 లో సోవియట్ యూనియన్‌లో బోరిస్ ఉషకోవ్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి అచ్చం ఇలాంటి ఎగిరే జలాంతర్గామికి పథకం గీశాడు. అతను ఇవే ప్రశ్నలు వేసుకున్నాడు. అందుకే గాలిలో ఒకరకం ఇంజన్లు, నీటి అడుగున బ్యాటరీలతో తిరిగే విద్యుత్ మోటారు అని ఏర్పాటు చేశాడు. నావికాదళం దాన్ని కొంతకాలం పరిశీలించి 1938 లో పక్కన పెట్టింది. అది తయారు కాలేదు. కానీ సినిమావాడికీ ఆ విద్యార్థికీ తేడా ఎక్కడుందో గమనించండి. కల ఇద్దరిదీ ఒకటే. "ఎలా?" అని అడిగింది ఒక్కడే.

గాలికి నిప్పంటుకుంటుందా?

కథలో దుష్టుడి రాకెట్ నేలనుంచి 100 కిలోమీటర్లు పైకెళ్లాక దాని రెండో అంచె మండితే భూమి మొత్తం కాలిపోతుందట. ఇది అన్నింటికన్నా పెద్ద తప్పు. 100 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేలమీది గాలిలో పది లక్షలవ వంతు కూడా ఉండదు. కాలడానికి అక్కడ ఏముంది? నేలమీది గాలిలోనైనా 78 శాతం నత్రజని, 21 శాతం ప్రాణవాయువు. ప్రాణవాయువు ఇతర పదార్థాలను మండిస్తుందే తప్ప తాను ఇంధనం కాదు.

అయితే ఇదే ప్రశ్న ఒకప్పుడు నిజమైన శాస్త్రవేత్తలను కలవరపెట్టింది. 1942 లో అమెరికాలో అణుబాంబు తయారీ గురించి చర్చిస్తున్నప్పుడు, ఆ వేడికి గాలిలోని నత్రజని కేంద్రకాలు కలిసిపోయి వాతావరణమంతా అంటుకుంటుందేమోనన్న సందేహాన్ని ఎడ్వర్డ్ టెల్లర్ లేవదీశాడు. ఎవరూ నవ్వి ఊరుకోలేదు. హాన్స్ బేతె లెక్క కట్టాడు. పుట్టే వేడికన్నా వికిరణంగా పోయే వేడే ఎక్కువ కాబట్టి మంట నిలవదని తేలింది. 1945 జూలై 16 న మొదటి పరీక్ష జరిగింది. వాతావరణం అంటుకోలేదు. కానీ మూడు వారాలకే ఆ బాంబులు రెండు నగరాలను కాల్చాయి. లోకం తగలబడడానికి దుష్టుడి రాకెట్ అక్కర్లేదని ఈ చరిత్ర చెబుతుంది.

ఫిరంగి తప్పు, రాకెట్ ఒప్పు

"సరే, ఇంత తప్పుల సినిమాతో మాకేం లాభం? మంచి పుస్తకం చదువుకుంటే పోదా?" అని మీలో కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబుగా ఒక బడిపంతులు కథ చెబుతాను.

1865 లో జూల్స్ వెర్న్ ఒక నవల రాశాడు. అందులో మనుషుల్ని పెద్ద ఫిరంగిలో పెట్టి చంద్రుడి వైపు పేలుస్తారు. ఫిరంగి గొట్టం పొడవు 900 అడుగులు, అంటే 274 మీటర్లు. బయటికి వచ్చే వేగం సెకనుకు సుమారు 11 కిలోమీటర్లు. మీరు తొమ్మిదో తరగతిలో నేర్చుకునే సూత్రంతోనే త్వరణం కట్టవచ్చు. వేగం వర్గాన్ని గొట్టం పొడవుకు రెట్టింపుతో భాగించండి. గురుత్వ త్వరణానికి దాదాపు 22,000 రెట్లు వస్తుంది. 50 కిలోల మనిషి మీద 1,100 టన్నుల భారం! ప్రయాణికులు చంద్రుణ్ణి చూడకముందే నలిగిపోతారు.

రష్యాలో సియోల్కోవ్‌స్కీ అనే కుర్రవాడు వెర్న్‌ను ఇష్టంగా చదివాడు. చిన్నప్పుడే జబ్బుచేసి వినికిడి పోయినవాడు. పెద్దయి బడిపంతులయ్యాడు. ఫిరంగితో మనుషులు వెళ్లలేరని అతనికి లెక్కల్లో తేలింది. పుస్తకం విసిరేయలేదు. ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా వేగం పెంచే సాధనం ఏది అని ఆలోచించాడు. 1903 లో రాకెట్‌తో రోదసిలోకి వెళ్లే వీలును సమీకరణంతో చూపించాడు. ఈ ఆలోచనకు వెర్న్ నవలలే బీజం వేశాయని తానే చెప్పుకున్నాడు. ఇప్పటి రాకెట్లన్నీ ఆ సమీకరణాన్ని పాటించే ఎగురుతాయి.

కథలో తప్పు చూసి నవ్వి వెళ్లిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. తప్పు చూడకుండా నమ్మేసినవాళ్లూ ఉంటారు. తప్పు చూసి, "మరి ఒప్పేది?" అని అడిగినవాడు ఆ బడిపంతులు.

కల్పన వేరు, అబద్ధం వేరు

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. సినిమా మనల్ని మోసం చేయదు. "ఇది కథ, రెండు గంటలు నాతో రండి" అని ముందే చెబుతుంది. మోసం చేసేది వేరే ఉంది. 'తరంగాలు', 'శక్తి', 'అణువులు' అని శాస్త్రం మాటలే వాడుతూ, "ఈ ఉంగరం పెట్టుకుంటే మార్కులు వస్తాయి, ఈ తాయెత్తు కడితే జబ్బు పోతుంది" అని నిజం పేరుతో అమ్మేవాళ్లున్నారు. అక్కడ తప్పు పట్టలేకపోతే డబ్బూ పోతుంది, ఒక్కోసారి ప్రాణమూ పోతుంది. సినిమాలో తప్పులు పట్టడం ఆ పనికి మంచి సాధన. అక్కడ పొరపడినా ఎవరికీ నష్టం లేదు.

తెలుగు సినిమాతోనే మొదలుపెట్టాలంటే 1991 లో వచ్చిన 'ఆదిత్య 369' ఉంది. అందులో కాలయంత్రం 1526 కూ, 2504 కూ వెళ్తుంది. హాయిగా చూడండి. చూశాక ఒక ప్రశ్న వేసుకోండి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కదా. యంత్రం కాలాన్ని మాత్రమే దాటితే, దిగేచోట భూమి ఉంటుందా?

మా ఇంటి తగాదా ఏమైందంటారా? మరుసటి ఆదివారం ఇద్దర్నీ కూర్చోబెట్టి సినిమా మళ్లీ పెట్టాను. చూస్తున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు, మనసులో తట్టింది కాగితం మీద రాసుకోవాలి, అని షరతు. పాలీ పెర్కిన్స్ కెమెరాలో రెండే ఫోటోలకు ఫిలిం మిగిలి, అద్భుతాలు కళ్లెదుట కనిపిస్తున్నా ఏది తీయాలో తేల్చుకోలేక తంటాలు పడుతుంటే ఇద్దరూ పడీపడీ నవ్వారు. సినిమా అయ్యాక అన్నయ్య తన మరమనిషి లెక్క గర్వంగా చూపించాడు. చెల్లెలు తన కాగితం చూసుకుని ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"అన్నయ్యా, ఆ మరమనిషి లోపల డొల్లగా ఉంటే?"

వాడు పెన్సిలు తీసుకుని కూర్చున్నాడు. రాత్రి భోజనానికి పిలిచేదాకా లేవలేదు. మీరూ ప్రయత్నించండి.